గ్రీసు జెండా, పండుగలు, జానపద ఆచారాలు: పిల్లలకు దేన్ని కథగా, దేన్ని చరిత్రగా చెప్పాలి?

బడిగంట (ప్రశ్న)

నమస్కారం. మూడో తరగతి నుంచి అయిదో తరగతి వరకు చదివే పిల్లల కోసం నెలకొక దేశాన్ని పరిచయం చేసే పాఠాలు తయారు చేస్తున్నాను. వచ్చే నెల గ్రీసు వంతు. ఆ దేశం గురించి మీకేం తెలుసని పిల్లలను ముందుగా అడిగితే, జ్యూస్ దేవుడు, ట్రాయ్ గుర్రం, ఒలింపిక్ క్రీడలు అని టకటకా చెప్పేశారు. వాళ్ల లెక్కలో గ్రీసు రెండున్నర వేల ఏళ్ల కిందటే ఆగిపోయిన దేశం. అక్కడ ఇప్పుడు కూడా తమ ఈడు పిల్లలు ఉన్నారనీ, వాళ్లూ బడిలో జాతీయగీతం పాడతారనీ, పండుగ సెలవుల కోసం రోజులు లెక్కపెట్టుకుంటారనీ వాళ్లకు తట్టనే లేదు. అందువల్ల ఈసారి పురాణగాథలను పక్కన పెట్టి, నేటి గ్రీసు జాతీయ చిహ్నాలనూ, పండుగలనూ, జానపద ఆచారాలనూ మాత్రమే చెప్పాలని అనుకుంటున్నాను.

సమాచారం సేకరించడం మొదలుపెట్టాక ఒక చిక్కు ఎదురైంది. జెండాలో తొమ్మిది చారలు ఎందుకున్నాయంటే, “స్వేచ్ఛ, లేదా మరణం” అనే నినాదంలో గ్రీకు భాషలో తొమ్మిది అక్షరాలు పలుకుతాయి గనక అని చెబుతున్నారు. రాష్ట్రపతి భవన కాపలా సైనికుల పావడాకు నాలుగు వందల కుచ్చిళ్లు ఎందుకంటే, తుర్కుల పాలన నాలుగు వందల ఏళ్లు సాగింది గనక అంటున్నారు. అక్టోబర్ 28 పండుగకు మూలం ఒక ప్రధానమంత్రి పలికిన “వద్దు” అనే ఒక్క మాట అంటున్నారు. ఇవన్నీ వినసొంపుగానే ఉన్నాయి, పిల్లలకు ఇట్టే గుర్తుంటాయి కూడా. అయితే ప్రతిదీ ఇంత చక్కగా అతికినట్టు కుదరడమే నాకు అనుమానం కలిగిస్తోంది. ఎనిమిదేళ్ల పిల్లలకు అబద్ధం చెప్పకూడదు, అలాగని ప్రతి వాక్యానికీ ఒక సందేహం తగిలించి పాఠాన్ని చప్పగా చేయనూ కూడదు. గ్రీసులో నివసిస్తున్నవారు గానీ, ఆ దేశ చరిత్ర చదివినవారు గానీ, అక్కడి బడులలో ఈ విషయాలను ఎలా చెబుతారో, నేను దేన్ని ఎంతవరకు చెప్పవచ్చో దయచేసి వివరించగలరు.


తెల్లబురుజు

నమస్కారం బడిగంట గారూ. మేము తెస్సలోనీకిలో ఉంటాము, మా పిల్లలిద్దరూ ఇక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చదువుతున్నారు. చరిత్రలోని నిజానిజాలు తేల్చే పని నాది కాదు, దానికి ఇక్కడ సమర్థులు ఉన్నారు. బడిలో ఏడాది ఎలా తిరుగుతుందో మాత్రం చెబుతాను, ఎందుకంటే ఇక్కడి పిల్లలు జెండానూ పండుగనూ పాఠ్యపుస్తకం కంటే ముందుగా ఆ తిరుగుడులోనే నేర్చుకుంటారు.

సెప్టెంబరులో బడి తెరిచిన రోజున మతగురువు వచ్చి, తులసి కొమ్మను పవిత్ర జలంలో ముంచి పిల్లల మీద చిలకరిస్తారు. మా పెద్దవాడు మొదటి ఏడు ఇంటికి వచ్చి, “అమ్మా, ఇక్కడ కూడా తులసి ఉంది” అని ఎంతో సంబరంగా చెప్పాడు. అది మన ఇళ్లలో పూజించే తులసి కాదు, దానికి దగ్గర చుట్టమైన మరో రకం, గ్రీకులో వసిలికోస్ అంటారు.

అక్టోబరు మా ఊరికి పెద్ద నెల. 26వ తేదీ నగర రక్షకుడైన పునీత దిమిత్రియోస్ పండుగ. 1912లో తెస్సలోనీకి ఒట్టోమన్ (తుర్కుల) పాలన నుంచి గ్రీకుల చేతికి వచ్చినది కూడా ఆ రోజే. రెండు రోజుల తరువాత, 28న, “ఓహి” దినం వస్తుంది. ఓహి అంటే “వద్దు”, “కాదు” అని అర్థం. ఆ రోజు దేశంలోని పెద్ద సైనిక కవాతు మా నగరంలోనే జరుగుతుంది. స్వాతంత్ర్య పోరాటం మొదలైన రోజుగా జరుపుకునే మార్చి 25 నాటి సైనిక కవాతు మాత్రం ఏథెన్స్‌లో జరుగుతుంది. బడిపిల్లల కవాతులు ఊరూరా ఉంటాయి. ముదురు నీలం, తెలుపు దుస్తులు వేసుకున్న పిల్లలు వరుసగా నడుస్తుంటే, ముందు ఒక పతాకధారి, ఆ పిల్లవాడికి లేదా పిల్లకు రెండు పక్కలా తోడు నడిచేవారు ఉంటారు. సెలవుకు ముందు రోజు బడిలో పద్యాలు, చిన్న నాటిక, పాటలు, చివరికి జాతీయగీతం.

మార్చి 25 పండుగకు దుస్తుల హడావిడి ఎక్కువ. చిన్న తరగతుల అబ్బాయిలు తెల్లని కుచ్చిళ్ల పావడా, ఎర్ర టోపీ, మొన మీద నల్లని ఊలు బంతి ఉన్న చెప్పులు వేసుకుంటారు. ఆ పావడాను ఫుస్తనేల్లా అనీ, చెప్పులను త్సరూహియా అనీ పిలుస్తారు. అమ్మాయిలు “అమాలియా” దుస్తులు వేసుకుంటారు. కొందరు స్పెత్సెస్ ద్వీపానికి చెందిన నౌకాధిపతి బుబులీనా వేషం కోరుకుంటారు. మా అమ్మాయి కూడా ఆమె వేషమే వేసింది, నడుముకు చెక్క కత్తి పెట్టుకునే అవకాశం ఉంటుంది మరి. ఆ మధ్యాహ్నం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉప్పులో నిలవచేసిన కాడ్ చేపను పిండిలో ముంచి వేయించి, వెల్లుల్లి ముద్దతో తింటారు. ఈ తిండికి కారణం చాలా సాదాగా ఉంటుంది. ఈస్టరుకు ముందు దీర్ఘ ఉపవాస దినాలలో మాంసమూ చేపా తినరు. మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగ కూడా మార్చి 25నే రావడం వల్ల, ఆ ఒక్క రోజు చేపకు అనుమతి దొరుకుతుంది. సముద్రానికి దూరంగా, కొండల్లో ఉన్న పల్లెలకు తాజా చేప అందేది కాదు గనక ఉప్పుచేప ఆనవాయితీ అయింది.

నవంబరు 17, జనవరి 30 కూడా బడికి సంబంధించిన రోజులే. జనవరి 30న బసిల్, గ్రెగరీ, జాన్ క్రిసోస్తొమ్ అనే ముగ్గురు మత పండితులను విద్యకు రక్షకులుగా స్మరిస్తారు. నవంబరు 17 గురించి చెప్పాలంటే కొంచెం జాగ్రత్త కావాలి, అడిగితే విడిగా రాస్తాను.

జాతీయగీతం గురించి పిల్లలకు నచ్చే విషయం ఒకటుంది. జాకింథోస్ ద్వీపానికి చెందిన కవి దియోనీసియోస్ సొలొమోస్ 1823లో రాసిన “స్వేచ్ఛకు స్తోత్రం” అనే ఆ కవితలో మొత్తం 158 చరణాలు ఉన్నాయి. పాడేది మొదటి రెండు మాత్రమే. ఈ సంగతి తెలిసిన రోజున మా వాడు కవికి కాదు, ఆ రెండింటి దగ్గర ఆపినవారికి ధన్యవాదాలు చెప్పాడు. కోర్ఫు సంగీతకారుడు నికొలాఓస్ మాంజారోస్ దానికి బాణీ కట్టారు, 1865లో అది జాతీయగీతమైంది. సైప్రస్ కూడా ఇదే గీతాన్ని తన జాతీయగీతంగా పాడుతుంది.


పాతకాగితం

బడిగంట గారి అనుమానం సబబైనదే. అయితే “నిజమా, అబద్ధమా” అనే రెండు గదుల్లోనే ఈ కథలను సర్దాలని చూస్తే ఇబ్బంది పడతారు. నా ఉద్దేశంలో, జాతీయ చిహ్నానికి చెప్పే కథకు కూడా ఒక పుట్టుక ఉంటుంది. ఆ కథను ఎవరు, ఎప్పుడు, ఎందుకు చెప్పుకున్నారన్నది కూడా పిల్లలకు చెప్పదగిన చరిత్రే. ఎనిమిదేళ్ల పిల్లలకు “అలా చెప్పుకుంటారు” అన్న మాట బాగా అర్థమవుతుంది, వాళ్లు ఇంట్లో తాతయ్య దగ్గర అలాంటి కథలు వింటూనే ఉంటారు కదా. మీరు అడిగిన మూడింటినీ వరుసగా చూద్దాం.

జెండా. స్వాతంత్ర్య పోరాటం మొదలైన మరుసటి ఏడు, 1822లో, ఎపిదావ్రోస్ దగ్గర సమావేశమైన జాతీయ సభ నీలం, తెలుపు రంగులను ఖాయం చేసింది. నేల మీద వాడే జెండా నీలం మీద సాదా తెల్ల శిలువతో ఉండేది. చారల జెండా నౌకలకు సంబంధించినది. రెండు జెండాలూ ఒకటిన్నర శతాబ్దం పాటు పక్కపక్కనే నడిచాయి. 1978లో వచ్చిన చట్టంతోనే చారల జెండా ఒక్కటే దేశానికంతటికీ జెండా అయింది. తొమ్మిది చారల్లో అయిదు నీలం, నాలుగు తెలుపు. “ఎలెఫ్థెరియా” అన్న మాటను గ్రీకులో విడదీసి పలికితే అయిదు అక్షరాలు, “ఇ థానతోస్” అన్నది నాలుగు. లెక్క సరిగ్గా సరిపోతుంది, ఆ నినాదం కూడా పోరాట కాలంలో నిజంగా వాడినదే. కానీ చారలు ఈ లెక్కతోనే పెట్టారని 1822 నాటి ఉత్తర్వు చెప్పదు. పిల్లల చేత వేళ్ల మీద ఆ అక్షరాలు లెక్కపెట్టించండి, తప్పేమీ లేదు. లెక్కపెట్టాక, “దీన్ని జనం తరువాత గమనించి చెప్పుకున్నారు” అని ఒక్క వాక్యం కలిపితే చాలు. నీలం రంగు ఏ ఛాయలో ఉండాలో చట్టం కచ్చితంగా నిర్దేశించలేదు. అందువల్ల పాత జెండాలు ఒకటి ఆకాశంలా, ఒకటి సిరాలా కనిపిస్తాయి. రంగులు వేసే పిల్లలకు ఇంతకంటే ఊరట ఏముంటుంది?

పావడా. 1453లో కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) తుర్కుల వశమైంది, 1821లో తిరుగుబాటు మొదలైంది. తీసివేత చేస్తే 368 వస్తుంది. నాలుగు వందలు అన్నది గుండుగుత్తగా చెప్పుకునే అంకె. ఈ తీసివేతను పిల్లల చేతే చేయించండి, సందేహించడం ఎలాగో ఉపన్యాసం అక్కరలేకుండా తెలుస్తుంది. అసలు ఈ దుస్తుల చరిత్రలో నాకు ఆసక్తి కలిగించే మలుపు వేరొకటి ఉంది. కొత్తగా ఏర్పడిన గ్రీసుకు మొదటి రాజుగా వచ్చిన ఒట్టో బవేరియా నుంచి వచ్చిన జర్మన్ యువకుడు. ఆయన ఫుస్తనేల్లాను ఆస్థాన దుస్తులుగా చేసుకున్నాడు. ఆయన భార్య, ఓల్డెన్‌బర్గ్ నుంచి వచ్చిన రాణి అమాలియా, స్థానిక స్త్రీల దుస్తులనూ నాటి ఐరోపా ఫ్యాషన్‌నూ కలిపి ఒక వేషం రూపొందించింది. తెల్లబురుజు గారు చెప్పిన “అమాలియా” దుస్తులు అవే. అంటే, గ్రీకు జాతీయ వస్త్రధారణ అని పిల్లలు వేసుకునే దానిలో సగానికి ఒక పరాయి దేశపు రాణి పేరు ఉంది. నా దృష్టిలో ఇది లోటు కాదు. చిహ్నాలు ఆకాశం నుంచి ఊడిపడవనీ, మనుషులు కూర్చుని తయారు చేస్తారనీ చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

“వద్దు” అన్న మాట. 1940 అక్టోబర్ 28 తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ఇటలీ రాయబారి ఎమాన్యుయేలె గ్రాజీ, ఏథెన్స్ శివారులోని కిఫీసియాలో ఉన్న ప్రధాని ఇవానిస్ మెతక్సాస్ ఇంటికి వెళ్లి, ఇటలీ సైన్యాన్ని దేశంలోకి రానివ్వాలని కోరే తాఖీదు చేతికిచ్చారు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది ఫ్రెంచిలో. మెతక్సాస్ జవాబు “అయితే ఇక యుద్ధమే” అన్న అర్థంలో ఉంది. ఓహి అన్న ఒక్క గ్రీకు మాట ఆ గదిలో వినిపించకపోయినా, ఇచ్చిన జవాబు సారాంశం మాత్రం అదే. ఆ మాట పత్రికల్లో, జనం నోట పండి పండుగ పేరైంది. అల్బేనియా సరిహద్దు కొండల్లో గ్రీకు సైనికులు ఇటలీ సేనను వెనక్కి నెట్టారు. ఇంకొక సంగతిని పెద్ద పిల్లలకు దాచవద్దు: “వద్దు” అన్న మెతక్సాస్ 1936 నుంచి పార్లమెంటును మూసివేసి పాలిస్తున్న నియంత. ఒక మనిషి ఒక పని సరిగ్గా చేసి, మరొకటి తప్పుగా చేయవచ్చునని పదేళ్ల పిల్లలు తేలిగ్గానే ఒప్పుకుంటారు; పెద్దవాళ్లకే అది కష్టం.

మీరు అడగని రెండు విషయాలలో కూడా మీకు ఇదే చిక్కు తగులుతుంది గనక ముందే చెబుతున్నాను. మార్చి 25న ఆయియా లావ్రా మఠంలో పాత్రాస్ బిషప్ యెర్మనోస్ పతాకం ఎత్తి పోరాటాన్ని ప్రారంభించాడని బడి గోడల మీది చిత్రాలు చూపిస్తాయి. తిరుగుబాట్లు అంతకు ముందే మొదలయ్యాయి; కలమాతా పట్టణం మార్చి 23నే గ్రీకుల చేతికి వచ్చింది. ఆ మఠపు ఘట్టాన్ని చాలామంది చరిత్రకారులు గాథగానే చూస్తారు. 1838లో ఒట్టో ప్రభుత్వం మార్చి 25ను జాతీయ పండుగగా ప్రకటించినప్పుడు, మరియమ్మ పండుగతో కలిసి రావడం వల్ల ఆ తేదీకి అదనపు బలం వచ్చింది. పైగా ఇవన్నీ పాత పంచాంగం తేదీలు. నేటి పంచాంగాన్ని గ్రీసు ప్రభుత్వం 1923లో గానీ స్వీకరించలేదు.

రెండోది “రహస్య పాఠశాల”. తుర్కుల కాలంలో బడులు నిషేధించబడ్డాయనీ, పిల్లలు రాత్రిపూట చర్చిలో పూజారి దగ్గర దొంగచాటుగా చదువుకునేవారనీ చెబుతారు. చందమామను దారి చూపమని వేడుకునే ఒక బాలగేయాన్ని దీనికి ముడిపెడతారు, నికొలాఓస్ గీజిస్ 1880లలో వేసిన తైలవర్ణ చిత్రం దీన్ని అందరి కళ్లకూ కట్టించింది. కానీ ఒట్టోమన్ పాలనలో అనేక పట్టణాలలో గ్రీకు బడులు బహిరంగంగానే నడిచాయి. ఈ కథను మీరు అసలు చెప్పకుండా వదిలేయవచ్చు. చెప్పదలిస్తే ఆ చిత్రాన్ని చూపించి, చిత్రకారుడు ఆ సంఘటనను చూసినవాడు కాదనీ, విన్న కథను గీశాడనీ చెప్పండి.

జాతీయ చిహ్నం గురించి చిన్న కబురు. నీలం డాలు మీద తెల్ల శిలువ, చుట్టూ లారెల్ కొమ్మలు ఉన్న నేటి రాజముద్ర 1975లో వచ్చింది. దాన్ని గీసిన కోస్తాస్ గ్రమతోపులోస్ గారే, ఎన్నో ఏళ్లు గ్రీకు పిల్లలు అక్షరాలు దిద్దుకున్న ఒకటో తరగతి వాచకానికి బొమ్మలు వేసినది కూడా.


దారపుపోగు

పై ఇద్దరూ జాతీయ పండుగలను చక్కగా వివరించారు, కానీ పిల్లల చేతికి పని దొరికేది జానపద ఆచారాల్లోనే అని నా అభిప్రాయం. కవాతు గురించి వింటే వాళ్లు చూస్తూ కూర్చుంటారు, దారం ఇస్తే లేచి వస్తారు. నేను పిల్లలతో చేయించి చూసినవే చెబుతాను.

అన్నిటికంటే తేలికైనది “మార్తిస్”. మార్చి ఒకటో తేదీన ఎరుపు, తెలుపు దారాలను పేని పిల్లల మణికట్టుకు కడతారు. వసంతకాలపు మొదటి ఎండ బుగ్గలను కమిలించకుండా అది కాపాడుతుందని నమ్మకం. నెలాఖరు దాకా ఉంచి, కొన్ని చోట్ల మొదటి వానకోయిల కనబడగానే గూడు కట్టుకోవడానికి పనికొస్తుందని గులాబీ కొమ్మకు తగిలిస్తారు, మరికొన్ని చోట్ల ఈస్టరు రాత్రి మంటలో వేస్తారు. ఈ ఆచారం గ్రీసుకే పరిమితం కాదు. బల్గేరియా, రుమేనియా, ఇంకా ఇరుగుపొరుగు దేశాల్లోనూ ఉంది. వానకోయిల రాకను పాడుకుంటూ పిల్లలు ఇల్లిల్లూ తిరిగి తినుబండారాలు అడిగే పాట ఒకటి ప్రాచీన రోడ్స్ ద్వీపంలో ఉండేదని, సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి రచయిత అథినేయుస్ రాసిపెట్టాడు. మీ పిల్లలకు తెలిసిన పాత గ్రీసునూ, మీరు చూపించదలచిన కొత్త గ్రీసునూ కలపడానికి దేవతలకంటే ఈ చిన్న పిట్టే బాగా పనికివస్తుంది.

తరువాత “కిరా సరకోస్తి”, అంటే ఉపవాసమ్మ అనుకోండి. కాగితం మీద ఒక ఆడమనిషిని గీస్తారు. ఆమెకు నోరు ఉండదు, ఎందుకంటే ఉపవాసంలో ఉంది. చేతులు ముడుచుకుని ఉంటాయి, ఎందుకంటే ప్రార్థన చేస్తోంది. కాళ్లు ఏడు. ఈస్టరుకు ముందు ప్రతి శనివారం ఒక కాలు కత్తిరిస్తారు, చివరి కాలు పవిత్ర శనివారం నాడు. క్యాలెండర్లు ఇంటింటా లేని కాలంలో వారాలు లెక్కపెట్టే సాధనం ఇది. కొందరు దీన్ని ఉప్పు కలిపిన పిండితో చేస్తారు. కొన్ని ప్రాంతాల్లో ఏడో కాలును ఎండు అంజూరపు పండులో దాచిపెడితే, అది దొరికినవారికి అదృష్టమని భావిస్తారు. నేను ఏ పిల్లల ముందు ఈ బొమ్మ పెట్టినా, నోరు లేదన్న సంగతి వాళ్లే కనిపెట్టి కారణం అడిగారు. కాబట్టి మీరు ముందుగా చెప్పేయకండి.

ఆ ఉపవాస కాలం మొదలయ్యే “శుద్ధ సోమవారం” నాడు ఊరంతా కొండలెక్కి గాలిపటాలు ఎగరేస్తుంది. ఏథెన్స్‌లో ఫిలొపాపు కొండ దానికి పేరుపొందింది. లగానా అనే పలుచని నువ్వుల రొట్టె ఆ ఒక్క రోజే కాలుస్తారు. ఈస్టరుకు నలభై ఎనిమిది రోజుల ముందు వస్తుంది గనక ఈ పండుగ తేదీ ఏటా మారుతుంది. ఆర్థడాక్స్ ఈస్టరు చాలా ఏళ్లలో పశ్చిమ దేశాల ఈస్టరుతో కలవదు, అందువల్ల మీ పట్టికలో తేదీ వేసేముందు ఆ సంవత్సరానిది సరిచూసుకోండి.

ఈస్టరు గురించి రాస్తే ముగింపు ఉండదు, ఒకటి రెండు మాటలతో ఆపుతాను. పవిత్ర గురువారం నాడు గుడ్లకు ఎర్రరంగు వేస్తారు. అర్ధరాత్రి ప్రార్థన ముగిశాక ఒకరి గుడ్డుతో ఒకరి గుడ్డును కొడతారు; పగలని గుడ్డు ఎవరిదో వారికి ఆ ఏడాది అదృష్టం. జ్ఞాన తల్లిదండ్రులు (బాప్తిస్మం నాడు బిడ్డకు పెద్దదిక్కుగా నిలిచినవారు) పిల్లలకు అలంకరించిన పొడవాటి కొవ్వొత్తి, చాలాసార్లు కొత్త చెప్పుల జత కూడా ఇస్తారు. కోర్ఫులో పవిత్ర శనివారం ఉదయం బాల్కనీల నుంచి నీళ్లు నింపిన పెద్ద మట్టికుండలను వీధిలోకి విసిరి పగలగొడతారు. ఈ సంగతి చెప్పిన తరువాత ఒక అయిదు నిమిషాలు తరగతిలో ఇంకే పాఠమూ సాగదు, సిద్ధంగా ఉండండి.

నాకు బాగా ఇష్టమైనవి మాత్రం క్రిస్మస్ నుంచి జనవరి 6 వరకు ఉండే పన్నెండు రోజులు. “కల్లికాంజరి” అనే నల్లని, అల్లరి పిశాచాలు ఏడాది పొడుగునా భూమి కింద ఉండి, లోకాన్ని మోస్తున్న చెట్టును రంపంతో కోస్తుంటాయట. ఇంకాస్త కోస్తే చెట్టు కూలుతుందనగా క్రిస్మస్ వస్తుంది, అవి పనిమాని మనుషులను ఏడిపించడానికి పైకి వస్తాయి. పొయ్యిలో నిప్పు ఆరనివ్వకపోతే చిమ్నీలోంచి దిగలేవు. గుమ్మం దగ్గర జల్లెడ పెడితే దాని కన్నాలు లెక్కపెడుతూ కూర్చుంటాయి, మూడు పవిత్రమైన సంఖ్య గనక పలకలేక ప్రతిసారీ రెండు దగ్గర ఆగి మళ్లీ మొదలుపెడతాయి. జనవరి 6న నీటిని ఆశీర్వదించే పండుగ జరగగానే పారిపోయి కిందికి వెళ్లి చూస్తే, కోసిన చెట్టు మళ్లీ అతుక్కుని ఉంటుంది. ఆ పండుగ రోజున పూజారి సముద్రంలోకి శిలువను విసిరితే, చలిలోనే యువకులు దూకి దాన్ని తెస్తారు.

అదే రోజుల్లో డిసెంబర్ 24న, 31న, జనవరి 5న పిల్లలు ఇనుప త్రిభుజాన్ని మోగిస్తూ ఇళ్ల ముందు నిలబడి, “పాడమంటారా?” అని అడిగి కాలందా పాటలు పాడతారు, చిల్లర నాణేలు పుచ్చుకుంటారు. ద్వీపాల్లో కొందరు చిన్న పడవ బొమ్మను అలంకరించి పట్టుకుని తిరుగుతారు. జనవరి 1న “వసిలోపిత” అనే కేకులో ఒక నాణెం దాచి కాలుస్తారు. మొదటి ముక్క క్రీస్తుకు, తరువాత మరియమ్మకు, ఇంటికి, బీదలకు అని పేర్లు చెప్పి తీసి, ఆపైన ఇంట్లోవాళ్లకు వయసు క్రమంలో పంచుతారు. ఏ ముక్కకు ముందు చోటివ్వాలన్నది ఇంటింటికీ కొంచెం మారుతుంది. గ్రీకు పిల్లలకు బహుమతులు తెచ్చే తాత క్రిస్మస్ నాడు రాడు. ఆయన కెసరియా నుంచి కొత్త సంవత్సరం నాడు వచ్చే పునీత వసీలిస్. పన్నుకింద జనం ఇచ్చిన నగలు తిరిగి ఎవరివి వారికి చేర్చడానికి ఆయన రొట్టెల్లో పెట్టి పంచాడనీ, ఎవరి నగ వారి రొట్టెలోనే వచ్చిందనీ కథ. దీన్ని కథగానే చెప్పండి, పాతకాగితం గారు కూడా అడ్డు చెప్పరని అనుకుంటాను.

చివరగా, కాగితం, దీపం, తెల్లగుడ్డ ఉంటే “కరగియోజిస్” తోలుబొమ్మలాట ఆడించండి. గూని, ఒక చేయి మరీ పొడుగు, కాళ్లకు చెప్పులు లేవు, ఎప్పుడూ ఆకలి. తెరకు ఒక పక్కన అతని కూలిపోయే గుడిసె, మరో పక్కన పాషా (ఒట్టోమన్ పెద్ద అధికారి) మేడ. ఒట్టోమన్ కాలపు నీడబొమ్మలాట నుంచి వచ్చి, పందొమ్మిదో శతాబ్దం చివర పాత్రాస్ కళాకారుల చేతిలో గ్రీకు రూపం దిద్దుకున్న ఆట ఇది. తుర్కులకూ గ్రీకులకూ ఉమ్మడిగా మిగిలినవి కూడా ఉన్నాయని చెప్పాలంటే, జెండాల కంటే ఈ గూనివాడే మేలు.


బడిగంట

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. 368 తీసివేతను గణితం పీరియడుకు కూడా వాడుకుంటాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. నవంబరు 17ను చిన్నపిల్లలకు చెప్పవచ్చా, లేక వదిలేయడమే మంచిదా? అలాగే, వలస వచ్చిన కుటుంబాల పిల్లలు కూడా కవాతులో జెండా పట్టుకుంటారా? మా తరగతిలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.


తెల్లబురుజు

వదిలేయవద్దు. ఇక్కడ ఒకటో తరగతి నుంచే చెబుతారు. 1967 నుంచి 1974 వరకు గ్రీసును సైనికాధికారులు పాలించారు. 1973 నవంబరులో ఏథెన్స్ పాలిటెక్నిక్ విద్యార్థులు ప్రాంగణంలో ఉండిపోయి, సొంతంగా రేడియో కేంద్రం ఏర్పాటు చేసి, జనానికి తమ మాట వినిపించారు. “రొట్టె, చదువు, స్వేచ్ఛ” అన్నది వాళ్ల నినాదం. 17వ తేదీ తెల్లవారకముందే ఒక యుద్ధ ట్యాంకు ప్రధాన ద్వారాన్ని కూల్చుకుంటూ లోపలికి వచ్చింది. ఆ రోజుల్లో ప్రాణాలు పోయాయి. చిన్న తరగతుల్లో ఉపాధ్యాయులు రేడియో గురించీ గేటు గురించీ చెప్పి, ఎర్ర కార్నేషన్ పువ్వులు చేయిస్తారు; మరణాల గురించి పిల్లలు అడిగితే దాచరు, అడగకపోతే వివరాల్లోకి వెళ్లరు. మా చిన్నది ఆ ఏడు ఇంటికి తెచ్చిన బొమ్మలో ట్యాంకు కంటే రేడియో పెద్దగా ఉంది. ఇది కథ కాదు గనక, పాతకాగితం గారి “అలా చెప్పుకుంటారు” అన్న మాట ఇక్కడ వాడకండి. ఆ గేటును ఇప్పటికీ ప్రాంగణంలో ఉంచారు.

రెండో ప్రశ్నకు జవాబు అవును, పట్టుకుంటారు. అయితే అది గొడవ లేకుండా జరగలేదు. మంచి మార్కులు తెచ్చుకున్న వలస కుటుంబాల పిల్లలు జెండా పట్టుకోవలసి వచ్చినప్పుడు కొన్ని ఊళ్లలో తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పడం, దేశమంతా దాని మీద వాదించుకోవడం జరిగింది. పతాకధారిని మార్కులను బట్టి ఎంచాలా, చీటీలు తీసి ఎంచాలా అన్న విషయం మీద కూడా ప్రభుత్వాలు మారినప్పుడల్లా వాదన లేస్తుంటుంది. నేను మా బడి ముంగిట నిలబడి చూసినంతవరకు, జెండా పట్టుకున్న పిల్లల ఆందోళన అంతా ఒక్కటే: గాలి వీస్తే కర్ర జారిపోకూడదని.


పాతకాగితం

బడిగంట గారూ, ఒక చిన్న సలహా. గ్రీసుకు వెళ్లివచ్చినవారు ఎవరైనా ఉంటే అక్కడి యూరో నాణేలు ఎనిమిదీ అడిగి తెచ్చుకోండి. ఒక సెంటు మీద ప్రాచీన ఏథెన్స్ యుద్ధనౌక, రెండు సెంట్ల మీద స్వాతంత్ర్య పోరాట కాలపు ఓడ, అయిదు సెంట్ల మీద నేటి చమురు ఓడ ఉంటాయి. ఆ మూడింటినీ వరుసగా పెడితే సముద్రాన్ని నమ్ముకున్న దేశం అని విడిగా చెప్పనక్కరలేదు. పది సెంట్ల మీద పోరాటానికి ముందే దాన్ని కలగన్న రీగాస్, ఇరవై మీద తొలి దేశాధినేత కపొదిస్త్రియాస్, యాభై మీద ప్రధాని వెనిజెలోస్. ఒక యూరో మీద ఉన్న గుడ్లగూబ క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దపు ఏథెన్స్ నాణెం నుంచి దిగిన బొమ్మ, నాణెం మీద నాణెం అన్నమాట. రెండు యూరోల మీద ఎద్దునెక్కిన పురాణగాథల రాకుమారి యూరోపా ఉంది. పురాణగాథలను పూర్తిగా పక్కన పెడతానన్నారు కదా, ఆమెను ఏం చేస్తారో మీ ఇష్టం.